పనికి జీతమా, వచ్చిన దారికి జీతమా

(మామిడికుదురు మండలం నగరంలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన్ని ఈ చుట్టుపక్కల అందరూ సూపర్నెంటు గారనే పిలిచేవారు. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో చేరి అక్కడే పదవీ విరమణ చేసిన మనిషి. స్మారకోపన్యాసాలు మామూలుగా ఆచార్యుల పేరుమీదో, దాతల పేరుమీదో జరుగుతాయి. ఫైళ్లు మోసిన మనిషి పేరున ఒకటి పెట్టాలని ఆయన పిల్లలకు తోచడం నాకు నచ్చింది. ఆయన్ని పొగిడితే ఆయనే ముందు విసుక్కునేవారు. అందుకని ఆయన కూర్చున్న కుర్చీ గురించి మాట్లాడతాను. ఇవాళ ఆ కుర్చీలో ఉన్నవారికి ఎంత ఇస్తున్నాం, ఎంత ఇవ్వాలి, ఆ లెక్క ఎవరు తేల్చాలి అన్నదే నా విషయం.

రాజమహేంద్రవరంలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోనసీమ కాలేజీలకు పట్టా ఇచ్చేది ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అమలాపురం ఎస్‌.కె.బి.ఆర్‌. కాలేజీలో డిగ్రీ చదివినవాళ్లలో వాల్తేరు కొండమీద కూర్చుని ఒక ఆచార్యుడి పాఠం విన్నవాళ్లు ఎందరు? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కానీ ప్రొవిజనల్ కోసమో, మైగ్రేషన్ కోసమో, మార్కుల జాబితాలో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకోవడానికో అక్కడి కౌంటరు ముందు నిలబడ్డవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉంటారు. అనుబంధ కళాశాల పిల్లలకు విశ్వవిద్యాలయం అంటే ఆ కౌంటరూ, దాని వెనకున్న మనుషులే. అక్కడ ఒక్క అంకె తప్పు పడితే ఉద్యోగం పోతుంది, పై చదువు పోతుంది. అంత బాధ్యత ఉన్న పనిని మనం అలవాటుగా "బోధనేతరం" అంటాం.

ఒక పరీక్షల విభాగంలోకి వెళ్దాం. ఏది అని అడక్కండి, ఎక్కడైనా ఇంతే. పొడుగాటి గది, ఇనప బీరువాలు, జవాబుపత్రాల కట్టలు. వాటిమీద కోడ్ నంబర్లు వేసేవాళ్లు, అవార్డు జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు, మళ్లీ సరిచూసేవాళ్లు. ఒకే వరసలో నలుగురు కూర్చున్నారనుకోండి. మొదటి మనిషి రెగ్యులరు. సర్వీసు రిజిస్టరు ఉంది, స్కేలు ఉంది, ఏటా ఇంక్రిమెంటు ఉంది. రెండో మనిషి ఒకప్పుడు ఎన్‌ఎమ్మార్‌గా రోజుకూలి మీద చేరి, ఏళ్లు గడిచాక టైమ్ స్కేలుకు ఎక్కిన మనిషి. మూడో మనిషి కాంట్రాక్టు; కనీస టైమ్ స్కేలు దక్కితే దక్కినట్టు. నాలుగో మనిషి ఔట్‌సోర్సింగు. ఆవిడ అక్కడ పనిచేస్తుంది కానీ కాగితాల ప్రకారం అక్కడి ఉద్యోగి కాదు. నలుగురూ తొమ్మిదిన్నరకో పదింటికో వస్తారు, ఫలితాల రోజుల్లో నలుగురూ రాత్రి దాకా ఉంటారు. జీతాలు మాత్రం నాలుగు రకాలు. తేడా పనిలో లేదు, ఆ గదిలోకి ఏ దారిన వచ్చారన్నదాంట్లో ఉంది.

మన కొబ్బరి దింపు కూలీని, ఒలుపు కూలీని చూడండి. వెయ్యి కాయ ఒలిస్తే ఇంత అని రేటు. ఆ మనిషిని మేస్త్రీ తెచ్చాడా, రైతే పిలిచాడా, కిందటేడు వచ్చాడా, ఇవాళే వచ్చాడా అని ఎవరూ అడగరు. కాయ లెక్కపెట్టి డబ్బు ఇస్తారు. అంబాజీపేట కొబ్బరి సంతలో నడిచే ఈ పాటి న్యాయం విశ్వవిద్యాలయంలో ఎందుకు నడవదన్నదే ఇవాళ నేను అడగదలచింది.

ఈ దారులు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి. 1994లో మన ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం చేసింది. పాత ఉద్యోగులు దాన్ని "యాక్ట్ 2" అంటారు. ప్రభుత్వ రంగంలో రోజుకూలి నియామకాలు, తాత్కాలిక నియామకాలు ఇక చెయ్యకూడదన్నది దాని సారాంశం. ఆ ఏడాది ఏప్రిల్లో వచ్చిన 212వ జీవో, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను ఖాళీలను బట్టి క్రమబద్ధం చెయ్యమంది. ఆ తేదీకి నాలుగేళ్ల పదకొండు నెలలైనవాళ్ల గతి ఏమిటి? బోధనేతర సిబ్బందిలో ఒక తరం ఆ ఒక్క తేదీ చుట్టూ కోర్టులకు తిరిగింది. చట్టం ఉద్దేశం మంచిదే, దొడ్డిదారి మూసెయ్యడం. కానీ పని ఆగలేదు, కాలేజీలు పెరిగాయి, పరీక్షలు పెరిగాయి, సెమిస్టర్లు వచ్చాయి, ఆన్‌లైన్ వచ్చింది. రిటైరైనవాళ్ల స్థానంలో కొత్త నియామకం రాలేదు. దొడ్డిదారి మూసిన చోట పక్కనే ఇంకో తలుపు తెరుచుకుంది, దానిమీద "ఏజెన్సీ" అని రాసి ఉంది. మళ్లీ 2023లో కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణకు చట్టం చేసినప్పుడు 2014 జూన్ 2ను గీతగా పెట్టారు. తేదీ మారింది, పద్ధతి అదే. గీతకు ఇటు ఉన్నవాడికి కొన్నాళ్లకు అందుతుంది, అటు ఉన్నవాడు ఇంకో ఇరవై ఏళ్లు ఎదురుచూస్తాడు. ఔట్‌సోర్సింగు మనిషి అసలు ఆ గీత దగ్గరికే రాదు.

ఇప్పుడు అంకెలు. 2015 వేతన సవరణలో, అంటే పీఆర్సీలో, అట్టడుగు స్కేలు 13,000తో మొదలైంది. 43 శాతం ఫిట్‌మెంటు, అంటే మూల వేతనం మీద పెంపు, ఇచ్చారని ఆ రోజుల్లో అందరూ సంతోషించారు. మరుసటి ఏడు ఔట్‌సోర్సింగులో అట్టడుగు వర్గానికి నెలకు 12,000గా నిర్ణయించారు. అంటే రెగ్యులరు అటెండరు మూల వేతనానికీ, ఔట్‌సోర్సింగు అటెండరు మొత్తం జీతానికీ తేడా 1,000. తర్వాత 2022 జనవరిలో పదకొండో పీఆర్సీ వచ్చింది. 23 శాతం ఫిట్‌మెంటు. అప్పటికే ఇస్తున్న 27 శాతం మధ్యంతర భృతికంటే అది తక్కువని ఉద్యోగులు మండిపడ్డారు, ఫిబ్రవరి 3న "చలో విజయవాడ"కు వేల మంది కదిలారు. అంత నిరాశపరచిన ఆ పీఆర్సీలో కూడా అట్టడుగు స్కేలు 20,000కు వెళ్లింది. అదే నెలలో ఔట్‌సోర్సింగు అట్టడుగు రేటు 15,000 అయింది. పై రెండు వర్గాలకు 18,500, 21,500.

గమనించండి. ఆరేళ్లలో 1,000 తేడా కాస్తా 5,000 అయింది. నేను మూల వేతనం ఒక్కటే తీసుకున్నాను. రెగ్యులరు మనిషికి దానిమీద కరువు భత్యం (డీఏ), ఇంటి అద్దె భత్యం వస్తాయి. ఆ స్కేలులో మొదటి ఇంక్రిమెంటు 600, అది ఏటా వస్తూనే ఉంటుంది. ఔట్‌సోర్సింగు మనిషికి డీఏ లేదు, ఇంక్రిమెంటు లేదు. పదేళ్లు చేసిన మనిషికీ, నిన్న చేరిన మనిషికీ అదే 15,000. అందులో ఉద్యోగి వాటాగా పీఎఫ్‌ 12 శాతం, ఈఎస్‌ఐ ముప్పావు శాతం పోతే చేతికొచ్చేది 13,087 రూపాయలు. ధరలు పెరిగాయని ప్రభుత్వం డీఏ ప్రకటించిన ప్రతిసారీ ఒక విచిత్రం జరుగుతుంది. ఒకే బజారులో ఒకే కందిపప్పు కొనే ఇద్దరిలో ఒకరికే ధర పెరిగిందని ప్రభుత్వం ఒప్పుకుంటుంది.

ఇంకో మాట. విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి గల సంస్థ. సచివాలయంలో వచ్చిన జీవో సాధారణంగా దానంతటది ఇక్కడ అమలు కాదు. ఆర్థిక సంఘం చూడాలి, పాలకమండలి తీర్మానించాలి. ఈ స్వయంప్రతిపత్తి కొత్త కోర్సు పెట్టేటప్పుడు పెద్దగా కనిపించదు, అటెండరు అరియర్సు ఇచ్చేటప్పుడు మాత్రం బ్రహ్మాండంగా గుర్తొస్తుంది.

న్యాయమైన వేతనం అంటే ఏమిటో ఈ దేశం ఆలోచించలేదని ఎవరూ అనలేరు. మన జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆయనే, అంబేడ్కర్, వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక సభ్యుడిగా ఉండగా 1946లో కనీస వేతనాల బిల్లు ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది. ఆ పేరు గురించి 2022 మేలో అమలాపురం ఎంత మండిందో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన కార్మిక సభ్యుడిగా చేసిన పని గురించి మాత్రం మనం ఎక్కువ మాట్లాడుకోం. తర్వాత ఫెయిర్ వేజెస్ కమిటీ వచ్చి మూడు మెట్లు చెప్పింది. కింద కనీస వేతనం, పైన జీవన వేతనం, ఆ రెండిటి మధ్య న్యాయమైన వేతనం. కనీసం కంటే తగ్గకూడదు, పైన ఎంత దాకా వెళ్లాలన్నది చెల్లించే శక్తిని బట్టి.

తర్వాత 1957లో పదిహేనో భారత కార్మిక సదస్సు కనీసం అంటే ఎంతో కొలిచి చెప్పింది. ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్లు: భర్త ఒకటి, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరో 0.6. యూనిట్‌కు 2,700 కేలరీల తిండి. కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ. ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, చిల్లర ఖర్చులకు ఇరవై శాతం. భార్య ఆకలి భర్త ఆకలిలో అయిదింట నాలుగు వంతులే అని ఏ వంటింట్లో తూచారో తెలీదు గానీ, ఆ లెక్క ఇప్పటికీ వాదనల్లో వాడుతున్నారు. ముసలి తల్లిదండ్రులు అందులో లేరు. పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లు కూడా లేవు. వాటికి మరో ఇరవై అయిదు శాతం కలపాలని సుప్రీం కోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో చెప్పేదాకా, అంటే తొంభయ్యో దశకం మొదటిదాకా ఆగాల్సి వచ్చింది. రాజమహేంద్రవరంలో రెండు గదుల ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల బడి ఫీజు, నెల సామాను, గ్యాసు, కరెంటు: ఇవి రాసుకుని 13,087లోంచి తీసెయ్యండి. నేను ఇక్కడ చెయ్యను, ఇంటికెళ్లి మీరే చెయ్యండి. ఆ మనిషి చేసే పని ఒక లక్ష మంది పిల్లల మార్కులకు సంబంధించిందని కూడా గుర్తుపెట్టుకోండి.

ఈ వేతన న్యాయం కోసం నిలబడ్డ తెలుగువాళ్లూ ఉన్నారు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేశారు. ఇంకో తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవరు పని చేసే ఒక కానిస్టేబులు, అదే పని చేస్తున్న ఇతర శాఖల డ్రైవర్లకంటే తనకు జీతం తక్కువని సుప్రీం కోర్టుకు వెళ్లాడు. సమాన పనికి సమాన వేతనం ఆదేశిక సూత్రాల్లో పడుకున్న ఆశ మాత్రమే కాదు, 14, 16 అధికరణాలతో కలిపి చదివితే అది అమలు చెయ్యదగిన హక్కు అని 1982లో ఆయన తీర్పు రాశారు. ఆ తీర్పు విశేషం ఏమిటంటే, వేరే శాఖ అన్న సాకును కోర్టు ఒప్పుకోలేదు. బండి అదే, రోడ్డు అదే.

దీనికి ఎదురుగా 2006 నాటి ఉమాదేవి తీర్పు నిలబెడతారు. పరీక్ష రాయకుండా, ప్రకటన లేకుండా వచ్చినవాళ్లను పర్మనెంటు చేస్తే బయట వరసలో నిలబడ్డ లక్షల మంది నిరుద్యోగులకు అన్యాయం అని రాజ్యాంగ ధర్మాసనం అంది. ఆ మాటలో బలం ఉంది, నేను కొట్టిపారెయ్యను. మన విశ్వవిద్యాలయాల్లో సిఫార్సు చీటీలతో చేరినవాళ్లు లేరని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ పర్మనెంటు చెయ్యాలా అన్నది ఒక ప్రశ్న. పని చేయించుకున్న నెలకు ఎంత ఇవ్వాలి అన్నది వేరే ప్రశ్న. ఈ రెండిటినీ ముడేసి, మొదటిదానికి కోర్టు వద్దన్నది కాబట్టి రెండోదీ వద్దు అనడం మన ఆఫీసుల్లో అలవాటైంది. ఆ ముడిని 2016 అక్టోబరు 26న సుప్రీం కోర్టు పంజాబ్ కేసులో విప్పింది. రెగ్యులరు ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి, అతను పర్మనెంటు కాకపోయినా, ఆ స్కేలులో కనీస మొత్తం ఇవ్వాలని చెప్పింది. తక్కువ జీతానికి ఎవరూ ఇష్టపడి చెయ్యరు, ఇల్లు గడవక చేస్తారు అన్న సంగతినీ ఆ తీర్పు గుర్తించింది. తర్వాత 2024 డిసెంబరులో జగ్గో కేసులో, ఉమాదేవి తీర్పును దీర్ఘకాలం పనిచేసినవాళ్ల మీద ఆయుధంగా వాడుతున్నారని కోర్టే మందలించింది.

అయినా ఏజెన్సీ తలుపు మిగిలే ఉంది. "ఆ మనిషి మా ఉద్యోగి కాదు, ఏజెన్సీ ఉద్యోగి" అంటే సగం వాదన అక్కడే ఆగిపోతుంది. తాటిపాక శుద్ధి కర్మాగారం పక్కన బతికే మీకు అసలు యజమాని, కాంట్రాక్టరు అనే మాటలు కొత్తవి కావు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ గొట్టం పేలిన ఊరు ఇది. బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు తొందరగా రాదని ఈ ఊరికి ఒకరు నేర్పనక్కర్లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2019లో ఔట్‌సోర్సింగు సేవల సంస్థ, ఆప్కాస్, పెట్టింది. కమిషన్లు తినే ఏజెన్సీలను తప్పించడం, పీఎఫ్‌ సరిగ్గా కట్టడం, జీతం నేరుగా బ్యాంకులో వెయ్యడం దాని ఉద్దేశాలు. దళారిని తప్పించినంత మేరకు మంచి పనే. కానీ అది తలుపుకు కొత్త రంగు వేసింది, దారి మార్చలేదు. రేటు ఎంత అన్న ప్రశ్న దాని చేతిలో లేదు.

ఇక డబ్బు. ఎప్పుడూ చివరికి ఇక్కడికే వస్తాం. అధ్యాపకుల స్కేళ్లు యూజీసీవి. 2006 సవరణలో అదనపు భారంలో 80 శాతం, 2016 సవరణలో 50 శాతం కొన్నేళ్లపాటు కేంద్రం భరిస్తానంది. అటెండరుకు, రికార్డు అసిస్టెంటుకు, ల్యాబ్ మనిషికి, హాస్టలు వంటమనిషికి అలాంటి దన్ను ఢిల్లీ నుంచి లేదు. వాళ్ల జీతం రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంటులోంచి రావాలి, చాలకపోతే విశ్వవిద్యాలయం సొంత రాబడిలోంచి. ఆ సొంత రాబడి ఏమిటి? పరీక్ష ఫీజులు, రీవాల్యుయేషన్ ఫీజులు, అనుబంధ ఫీజులు, సర్టిఫికెట్ల ఫీజులు. అంటే విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న సొంత డబ్బులో పెద్ద భాగం సంపాదించి పెడుతున్నది ఆ గదిలో కూర్చున్న నలుగురే. చెల్లించే శక్తి లేదన్న మాట వాళ్లతో అనడానికి మనకు నోరెలా వస్తుంది?

పైగా ఆ శక్తిని నిర్ణయించేదెవరు? మిల్లు యజమాని శక్తి లేదంటే బజారు పడిపోయిందని అర్థం. విశ్వవిద్యాలయానికి శక్తి లేదంటే సచివాలయం గ్రాంటు పెంచలేదని అర్థం. గ్రాంటు ఇచ్చేదీ వాళ్లే, శక్తి లేదు కనుక జీతం పెంచకండి అని చెప్పేదీ వాళ్లే. ఫెయిర్ వేజెస్ కమిటీ ప్రైవేటు పరిశ్రమను దృష్టిలో పెట్టుకుని రాసిన షరతు ఇది. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి దాన్ని అతికించడం సబబు కాదని నా అభిప్రాయం.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కూడా ఇదే తగువు వచ్చింది. అంత సంపన్న సంస్థ ఊడ్చే పనినీ, కాపలానూ కాంట్రాక్టర్లకు ఇచ్చి జీతాలు తగ్గించింది. 2001 వసంతంలో విద్యార్థులు పాలనా భవనంలో మూడు వారాలు బైఠాయించారు. తర్వాత వేసిన కమిటీ ఆలోచనల్లోంచి ఒక నియమం వచ్చింది. క్యాంపస్‌లో ఒక పనికి సొంత ఉద్యోగికి ఎంత ఇస్తారో, కాంట్రాక్టరు తెచ్చిన మనిషికీ అంతకు తగ్గకూడదు. కాంట్రాక్టు పద్ధతిని వాళ్లు రద్దు చెయ్యలేదు. అందులోని లాభాన్ని తీసేశారు. చవగ్గా దొరకదని తేలితే కాంట్రాక్టరు మీద మోజు దానంతటదే తగ్గుతుంది. మన దగ్గర విద్యార్థులు ఫీజు రీయింబర్సుమెంటు కోసం ధర్నా చేస్తే నాకు అర్థమవుతుంది. తమ హాస్టల్లో అన్నం వండే మనిషి జీతం కోసం చేసిన ధర్నా ఒక్కటి చూడాలని ఉంది.

నేను కోరేది అదే రకం నియమం. స్కేలు కుర్చీకి ఉండాలి, కూర్చున్నవాళ్లు వచ్చిన దారికి కాదు. జూనియర్ అసిస్టెంటు పని రోజంతా చేసే ఎవరికైనా ఆ పోస్టు స్కేలులో కనీస మొత్తం, దానిమీద డీఏ. ఇది దానం కాదు, 2016 తీర్పు తాత్కాలిక ఉద్యోగికి ఇచ్చినదాన్ని ఏజెన్సీ మనిషికి కూడా వర్తింపచెయ్యడం. సర్వీసుకు గుర్తింపుగా ఏటా ఎంతో కొంత పెంపు. ఇక పద్దుల సంగతి: ఔట్‌సోర్సింగు చెల్లింపులను సరుకుల కొనుగోలులాగా "ఇతర ఖర్చులు"లో దాచకుండా జీతాల పద్దు కిందే చూపించాలి. అక్కడ చూపిస్తే తప్ప బ్లాక్ గ్రాంటు అడిగేటప్పుడు ఆ మనుషులు లెక్కలోకి రారు. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఆ ఖాళీల్లో ఎవరు ఏ జీతానికి పనిచేస్తున్నారు అన్న పట్టికను ప్రతి విశ్వవిద్యాలయం ఏటా బయటపెట్టాలి. ఇందులో రహస్యమేమీ లేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు వేతనం అన్నదానికి కొత్త కొలత పెట్టాయి కాబట్టి ఎటూ ఈ లెక్కలు తిరగరాసుకోవాల్సిందే.

రేపు 12వ పీఆర్సీ వస్తుంది. బోధనేతర ఉద్యోగ సంఘాలు వినతిపత్రాలు సిద్ధం చేసుకుంటాయి. అందులో మొదటి పేజీలో ఫిట్‌మెంటు శాతం, రెండో పేజీలో ఇంటి అద్దె, తర్వాత పింఛను. చివరి పేజీలో, సంతకాలకు కొంచెం పైన, "ఔట్‌సోర్సింగు సోదరులకు కూడా తగు న్యాయం చేయగలరు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని మొదటి పేజీకి తెమ్మని సంఘాల పెద్దలను అడుగుతున్నాను. వాళ్లు మన సభ్యులు కారండీ అంటారని తెలుసు. సభ్యులుగా చేర్చుకోండి, నిబంధన అడ్డొస్తే నిబంధన మార్చుకోండి. ఫిట్‌మెంటు శాతం లెక్కన పెరుగుతుంది కాబట్టి పైనున్నవాడికి ఎక్కువ, కిందున్నవాడికి తక్కువ, బయటున్నవాడికి సున్న. దానిలో ఒక శాతం వదులుకోవాల్సి వచ్చినా, పక్క కుర్చీలో అదే పని చేస్తున్న మనిషికి స్కేలు కనీసం ముందు తేల్చండి అని రెగ్యులరు ఉద్యోగులే బల్ల గుద్ది అడిగితే ఏ కమిషనరూ తోసిపుచ్చలేడు. ఈ మాటకు ఇక్కడున్న విశ్రాంత ఉద్యోగుల్లో కొందరికి నామీద కోపం రావచ్చు. టీ తాగేటప్పుడు పోట్లాడుకుందాం.